రెండు మాగ్నెటోలు

కనెటికట్ రాష్ట్రంలోని విండ్సర్‌లో, ఒక బీమా సంస్థకు క్లెయిముల సాఫ్ట్‌వేరు రాసే ఉద్యోగంలో ఉండగా, 2019 అక్టోబరు 2 ఉదయం ఆఫీసు కిటికీలోంచి ఉత్తర దిక్కున నల్లటి పొగ లేవడం చూశాను. బ్రాడ్లీ విమానాశ్రయంలో ఏదో జరిగిందని మాత్రమే అప్పటికి అర్థమైంది. మధ్యాహ్నానికి సంగతి తెలిసింది: రెండవ ప్రపంచ యుద్ధకాలపు బీ-17 బాంబరు ఒకటి, మనిషికి 450 డాలర్లు చెల్లించిన పదిమంది ప్రయాణికులతో ఎగిరి, నాలుగో ఇంజను మొరాయించగా వెనుదిరిగి, రన్‌వేకు దాదాపు వెయ్యి అడుగుల ముందే దారిచూపే దీపాలను ఢీకొని, నేలను తాకి, పక్కకు మళ్లి, మంచు తొలగించే ద్రవం నిల్వచేసిన ట్యాంకును గుద్ది కాలిపోయింది. విమానంలో ఉన్న పదమూడు మందిలో ఇద్దరు పైలట్లు, ఐదుగురు ప్రయాణికులు మరణించారు. ఇదే విమానం 1987లో పెన్సిల్వేనియాలోనూ దిగుతూ రన్‌వే దాటిపోయిందట. అప్పుడు బాగుచేసి మళ్లీ ఎగరేశారు.

దర్యాప్తు నివేదిక 2021 ఏప్రిల్‌లో వచ్చింది. అందులో నన్ను ఆపేసిన మాట మాగ్నెటో. ఒక్కో ఇంజనుకు నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు రెండేసి ఉంటాయి, ఒకటి ఆగినా రెండోది నడిపిస్తుందని. నాలుగో ఇంజనులో ఒకటి అసలు పనిచేయడం లేదు. రెండోదాని పాయింట్ల గ్యాప్, అంటే నిప్పురవ్వ పుట్టేందుకు కరెంటును తెంచే రెండు లోహపు మొనల మధ్య సందు, ఉండవలసిన దానిలో సగం కూడా లేదు. మూడో ఇంజను స్పార్క్ ప్లగ్గులు కూడా సరిగా లేవు. అయినప్పటికీ, చక్రాలను ముందుగా దించి వేగం పోగొట్టుకోకుండా ఉంటే విమానం రన్‌వేను చేరి ఉండేదేనని దర్యాప్తువారు లెక్కగట్టారు. (మా ఆఫీసులో ప్రధాన సర్వరు ఆగిన రాత్రి, దానికి తోడుగా పెట్టిన రెండోది ఎన్నడో మూగబోయిందని తెలిసిన అనుభవం నాకుంది, మేము నిద్ర మాత్రమే పోగొట్టుకున్నాం.)

పాయింట్ల గ్యాప్ అన్న మాట నాకు చిన్ననాటినుంచీ తెలుసు. ఖమ్మంలో నాన్న ముప్పై ఏళ్లు స్కూటర్లు బాగుచేశారు. చేతక్ మొరాయిస్తే ముందు ప్లగ్గు తుడిచి, ఆ పైన సన్నటి రేకు పెట్టి పాయింట్ల గ్యాప్ చూసేవారు. ఆ వారం ఫోనులో ఇదంతా వివరంగా చెప్పాను. ఆయన చివరిదాకా విని, అడిగింది ఒక్కటే.

“అక్కడ మెకానిక్కు ఎవర్రా?”

నడిపిన పైలటే ఆ విమానాల మరమ్మతులకు కూడా బాధ్యుడని, ఆయన వయసు 75 అని చెప్పాను. అవతల చాలాసేపు మాట లేదు.

“తను నడిపే బండి తనే చూసుకుంటే, చిన్న తేడా వచ్చినా చెవికి అలవాటైపోతుందిరా,” అన్నారు నాన్న. “నా బండి నేనెప్పుడూ పక్క షాపులోనే చూపించేవాణ్ని, గుర్తుందా?”

గుర్తుంది. డబ్బు దండగని అమ్మ విసుక్కునేది.