వెనక సీటు బట్ట

ఆదివారం. పొద్దున ఎండ ఉంది కానీ చలి తగ్గలేదు. కారు సీట్లకు వేసే తెల్ల లేసు కవర్లను నిన్న సాయంత్రం మా ఆవిడ ఉతికి బాల్కనీలో ఆరేసింది. పొద్దుటికి ఇంకా తడిగానే ఉన్నాయి. సరే, ఈ పూటకు కవర్లు లేకుండానే వెళ్దాం అని బండి తీశాను. ఇవాళ రాసుకోవాల్సినంత సంగతి ఉందంటే దానివల్లే.

బాపు సిరిసిల్ల నుంచి జపాన్ వచ్చి మా దగ్గరే ఉంటున్నాడు. వారమంతా నేను రైల్లో నగోయా ఆఫీసుకు పోతాను, ఆయన మా ఊరు ఇచినోమియా వీధుల్లో నడుస్తాడు. ఆదివారం మాత్రం ఇద్దరం కారులో పోవాలి, అదీ ఒప్పందం. అయితే ఎన్నిసార్లు చెప్పినా వెనక కూర్చోడు.

"ఎనక కూసుంటే నువ్వు నా డ్రైవర్ లెక్క కొడ్తవురా. మంచిగుంటదా?"

నాకున్న కారేమో వెనక సీటు కోసమే పుట్టింది. 1976 నాటి టయోటా సెంచురీ, నల్లది. ఇలాంటి కారును కంపెనీ ఛైర్మన్లు, మంత్రులు వెనక కూర్చుని పేపర్ చదువుకోవడానికి తయారుచేశారు. ముందు కూర్చునేవాడు తెల్ల గ్లవుజులు వేసుకున్న జీతగాడు. నేను కొన్నప్పటి నుంచీ ఆ జీతగాడి సీట్లోనే ఉన్నాను, వెనక సుఖం ఎలా ఉంటుందో నాకు సరిగ్గా తెలియదు. రోడ్డు మీద ఈ బండిని చూడగానే పక్క లేన్ వాళ్లు కాస్త జరిగి దారి ఇస్తారు. లోపల మంత్రి ఉన్నాడని కొందరు, ఇంకో రకం పెద్దమనిషి ఉన్నాడని మరికొందరు అనుకుంటారేమో. తీరా చూస్తే స్వెట్టర్ వేసుకుని నేనూ, మంకీ క్యాప్ పెట్టుకుని మా బాపూ.

చలికాలంలో స్టార్ట్ చేయడానికి ఒక పద్ధతి ఉంది. యాక్సిలరేటర్ ఒకసారి పూర్తిగా తొక్కి వదిలి, ఆ తర్వాత తాళం తిప్పాలి. ఒక్క క్షణం గొణిగి, తర్వాత 3.4 లీటర్ల వీ8 అందుకుంటుంది. కార్బురేటర్ బండి కాబట్టి కొద్దిసేపు పెట్రోల్ వాసన వస్తుంది, నాకు ఆ వాసనంటే ఇష్టం. వేడెక్కాక ఇంజిన్ ఆన్‌లో ఉందో లేదో చెవికి తెలియదు, డాష్‌బోర్డు చూసుకోవాలి. అద్దాలు తలుపుల మీద కాకుండా ముందు బానెట్‌కు అటూ ఇటూ ఫెండర్ల మీద నిలబడి ఉంటాయి. జపాన్‌లో 1983 దాకా తలుపులకు అద్దాలు పెట్టనిచ్చేవారు కాదు. మొదట్లో అలవాటు లేక ఇబ్బంది పడ్డాను కానీ, తల తిప్పకుండా కళ్లతోనే రెండు వైపులా చూసుకోవచ్చు. ఇప్పుడు ఆఫీసు వాళ్ల కొత్త కారు నడపాల్సి వస్తే నాకు అక్కడే టెన్షన్.

బండి వెడల్పు 1,890 మిల్లీమీటర్లు. ఆధార్ నంబర్ లాగా ఈ అంకె నాకు కంఠతా వచ్చు. నగోయాలో చాలా టవర్ పార్కింగులు 1,850 దాటితే లోపలికి రానివ్వవు. నేను మలుపు తిరుగుతుండగానే అక్కడి పెద్దాయన రెండు చేతులూ ఇంటూ గుర్తులా అడ్డం పెట్టేస్తాడు. ఆ నాలుగు సెంటీమీటర్ల వల్ల నేను నడిచిన దూరం అంతా ఇంతా కాదు.

ఇవాళ బాపు తన సంచీ వెనక సీట్లో పెడదామని తలుపు తీశాడు. సంచీ పెట్టి చేయి వెనక్కి తీసుకోలేదు. సీటు మీద అరచేయి అలాగే ఉంచి, వేళ్లతో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు రాశాడు.

"ఇది ఉన్నా?"

"ఔ బాపూ, ఉన్నే."

"గింత మంచి బట్ట మీద లేసు కవర్లు కప్పిర్రా ఇన్నొద్దులు!"

సెంచురీలో సీట్లకు తోలు కన్నా ఉన్ని బట్టనే గొప్పగా చూస్తారు. తోలైతే మనిషి కదిలినప్పుడల్లా కిర్రుమంటుంది, చలికాలం చల్లగా తగులుతుంది. పెద్దమనుషులకు ఆ చప్పుడు కూడా వద్దు. కొనేటప్పుడు పాత ఓనర్ వాళ్లు ఈ మాట చెబితే తలూపి ఊరుకున్నాను, నా కళ్లన్నీ ఇంజిన్ మీదే. బాపు ఇంజిన్‌ను ఇంతవరకు ఒక్కసారి కూడా చూపించమనలేదు.

తలుపు పక్కన, మనిషి జరుగుతూ ఎక్కేచోట, బట్ట కొంచెం అరిగింది. నూగు పోయి కింద నేత కనిపిస్తోంది. బాపు కళ్లజోడు తీసి, ఆ చోటికి వేలెడు ఎత్తులో పట్టుకుని, దాన్నే భూతద్దంలా చేసి చూశాడు. బొటనవేలి గోరుతో ఒక్కో పోగూ దాటిస్తూ పెదవులు కదుపుతూ లెక్కపెట్టాడు. పక్కింటి ఆమె కుక్కను తిప్పుతూ వచ్చి, కారులో సగం దూరి ఉన్న మనిషిని చూసి, వంగి నమస్కారం పెట్టి వెళ్లిపోయింది.

"రెండు పడుగులు," అన్నాడు బయటికి వచ్చి. "ఒకటి కింద నేతకు, ఒకటి నూగుకు. పేక గట్టిగ కొట్టిండ్రు. అందుకే ఇన్నేండ్లయినా నూగు ఊడలే, అరిగిందంతే. ఆ పోగులు గుంజకుర్రి. అట్లనే ఉండనీయిర్రి."

పడుగంటే నిలువు పోగులు, పేకంటే అడ్డం పోగులు. బాపు మహారాష్ట్రలోని భివండీలో మొదలుపెట్టి, తర్వాత సిరిసిల్లలో జీవితమంతా సాంచెల మీదే, అంటే మరమగ్గాల మీదే పనిచేశాడు. ఎక్కువగా పాలిస్టర్. పిక్కుల లెక్కన, అంటే పేక పోగుల లెక్కన కూలి కాబట్టి అంగుళంలో ఎన్ని పోగులున్నాయో చూడటం ఆయనకు ఊపిరి తీసుకున్నంత మామూలు. తర్వాత నేను ముందు తలుపు తీశాను. ఆయన వినిపించుకోకుండా వెళ్లి వెనక కూర్చున్నాడు. డ్రైవర్ మాట ఎత్తలేదు, నేనూ గుర్తుచేయలేదు.

ముందు టిఫిన్ హోటల్‌కు, అంటే మా వీధి చివర కాఫీ కొట్టుకు వెళ్లాం. ఈ ఊళ్లో పొద్దుటిపూట కాఫీ ఆర్డర్ చేస్తే, ఆ డబ్బులకే టోస్టూ ఉడకబెట్టిన గుడ్డూ తెచ్చిపెడతారు. ఐచీ జిల్లా అంతటా ఉన్న అలవాటే, కానీ మొదలైంది మా దగ్గరే అని ఇచినోమియా వాళ్లు గట్టిగా చెప్పుకుంటారు. ఇది ఉన్ని బట్టల ఊరు. 1950ల్లో మిల్లుల్లో మగ్గాల చప్పుడుకు మాట వినపడక, బేరాలు మాట్లాడుకోవడానికి మిల్లు యజమానులు కాఫీ కొట్టుకు వచ్చేవారట. రోజూ వచ్చే గిరాకీ కదా అని కొట్టువాళ్లు కాఫీతో పాటు వేరుశెనగలు, గుడ్డు ఇవ్వడం మొదలుపెట్టారు.

బాపుకు ఇది చెప్పాను. కొంచెం గట్టిగానే చెప్పాలి, ఎడమ చెవి సాంచెలకే పోయింది.

"మేము సుత గంతే గదరా. షెడ్డుల మాట ఇనరాదు. చాయ్ హోటల్ల కూసుంటెనే ముచ్చట. గని గుడ్డు ఎవడూ ఇయ్యలే."

యుద్ధం తర్వాత బట్టకు విపరీతమైన గిరాకీ ఉన్న రోజుల్లో, మగ్గం 'గాచా' అని ఒక్క దెబ్బ కొడితే పది వేల యెన్లు రాలినట్టే అని ఇక్కడ అనుకునేవారని కూడా చెప్పాను. ఆయన గుడ్డు పెంకు తీస్తూ కొద్దిసేపు ఏమీ అనలేదు. "మాకు పైసలల్ల రాలేది," అన్నాడు. టోస్టు మీద ఎర్ర చిక్కుళ్ల తీపి ముద్ద రాసి ఇచ్చారు. పప్పుకు చక్కెర వేస్తే పూర్ణం అవుతుంది కానీ దాన్ని రొట్టెకు పూస్తారా అని ఆయనకు ఇప్పటికీ అనుమానం. గీకి పక్కన పెట్టాడు, నేను తినేశాను.

నా కారు అంతకుముందు ఈ ఊరి ఉన్ని మిల్లు యజమానిదే. ఆయన పోయాక మిల్లు మూసేశారు, పిల్లలకు ఇంత పెద్ద బండి పెట్టుకునే చోటు లేదు. ఆ షెడ్డు ఇంకా ఉంది, రంపపు పళ్లలా పైకప్పు, ఉత్తరం వైపు అద్దాలు. ఎండ నేరుగా పడకుండా రోజంతా ఒకే వెలుతురు ఉంటే రంగు తేడా కనిపెట్టడం సులువని అలా కట్టేవారు. దాని ముందు నుంచే వెళ్లాం. ఆగమంటాడేమో అనుకున్నాను, ఆగమనలేదు. తల తిప్పి చూశాడు, అంతే.

నగోయా చుట్టుపక్కల టయోటా వాళ్ల మ్యూజియాలు రెండు రకాలు. కార్లు చూడాలంటే నాగకుతె వైపు పోవాలి. మేం వెళ్లింది నగోయా నిషి వార్డులో, మగ్గాలు కూడా ఉన్న రెండోదానికి. ఎర్ర ఇటుకల పాత మిల్లు, 1994 నుంచి మ్యూజియం. బండి పార్కింగ్‌లోకి తిప్పగానే గార్డు పరుగున వచ్చి, నన్ను చూడనైనా చూడకుండా వెనక తలుపు తీసి, నడుము వరకూ వంగాడు. మంకీ క్యాప్‌తో మా బాపు దిగాడు. ఆయన కూడా అంతే వంగాడు. గార్డు మళ్లీ వంగాడు. ఇది ఎక్కడ ఆగుతుందో తెలియక నేను తాళాలు పట్టుకుని నిలబడ్డాను.

"జూసినవా," అన్నాడు లోపలికి నడుస్తూ, "నిన్ను డ్రైవర్ అనుకున్నడు."

లోపల 1924 నాటి జీ రకం ఆటోమేటిక్ మగ్గం నడిపి చూపిస్తారు. టయోటా వాళ్ల మూలపురుషుడు సకిచి టయోడా పేరును నిలబెట్టిన మగ్గం ఇదే. నడుస్తూ ఉండగానే నాడెలో, అంటే పేక దారాన్ని అటూ ఇటూ మోసే షటిల్‌లో, దారం అయిపోతే పాత నాడె బయటికి పోయి కొత్తది వచ్చి కూర్చుంటుంది. వేగం తగ్గదు. బాపు మొదటిసారి చూసి నమ్మలేదు. రెండోసారి కోసం కదలకుండా నిలబడ్డాడు. మూడోసారి నా చేయి పట్టుకున్నాడు. తర్వాత అక్కడి ఆమె ఒక పడుగు పోగు తెంపి చూపించింది. ఒక్కో పోగుకూ ఒక సన్నని రేకు వేలాడుతూ ఉంటుంది. పోగు తెగితే రేకు కింద పడుతుంది, మగ్గం దానంతట అదే ఆగిపోతుంది. దీనివల్ల ఒక్కరే పదుల కొద్దీ మగ్గాలు చూసుకోగలిగేవారట.

"నాలుగు సాంచెలు చూసేందుకే నాకు నడుములు వోయినయి," అన్నాడు బాపు. "పోగు ఎప్పుడు తెగుతదోనని కండ్లు దానిమీదనే ఉండాలె. తెగినంక చూడకుంటే గజం బట్ట ఖరాబు, కూలి కోత. గీ రేకు ముక్క ఉంటే..." అని ఆపి, ఆమెను ఇంకోసారి తెంపమని సైగ చేశాడు. ఆమె నవ్వుతూ మళ్లీ తెంపింది.

తిరుగు దారిలో అడగకుండానే వెనక ఎక్కాడు. సకిచి సంగతి ఇంకా చెప్పమన్నాడు. సకిచి 1867లో పుట్టాడనీ, సరిగ్గా వందేళ్లకు 1967లో ఈ కారు తెచ్చి అందుకే దానికి సెంచురీ అని పేరు పెట్టారనీ చెప్పాను. ఆ ఆకారాన్ని పెద్దగా మార్చకుండా 1997 దాకా చేస్తూనే ఉన్నారు. 1929లో ఈ మగ్గం పేటెంట్‌ను ఇంగ్లండ్‌లోని ప్లాట్ బ్రదర్స్ తీసుకుంది. మరుసటి ఏడే సకిచి పోయాడు. ఆయన కొడుకు కిఇచిరో 1933లో ఆ మగ్గాల ఫ్యాక్టరీలోనే కార్ల విభాగం పెట్టాడు.

"అంటే కొడుకు మగ్గం ఇడిసిపెట్టి కార్ల మీద పడ్డడు."

"ఔ."

"నువ్వు సుత గంతే. గాయన చేసిండు, నువ్వు కొన్నవు."

దీనికి ఏం జవాబు చెప్పను? సిగ్నల్ దగ్గర అద్దంలో చూస్తే చేయి సీటు మీదే ఉంది, నవ్వుతున్నాడు.

పెట్రోల్ బంకులో ఆగాం. ఊళ్లో తిరిగితే లీటరుకు అయిదు కిలోమీటర్లు వస్తే ఆ రోజు పండగే. దానికి తోడు పదమూడేళ్లు దాటిన బండికి పన్ను ఎక్కువ, మే నెల వస్తే 66,700 యెన్ల కాగితం ఇంటికి వస్తుంది. రెండేళ్లకోసారి షాకెన్ తనిఖీ ఉంటుంది, అందులో ఏ రబ్బరు ఎండిపోయిందంటారో అని భయం. నాకు ఈ బండి చూసే మెకానిక్‌కు డెబ్బై దాటింది. ఆయన రిటైరైతే ఏంటి అని మా ఆవిడ అడిగినప్పుడల్లా నేను టీవీ సౌండు పెంచుతాను. మీటర్ తిరుగుతున్నంతసేపూ బాపు అద్దంలోంచి అంకెలు చూస్తూనే ఉన్నాడు. ఏమీ అనలేదు.

ఇంటికొచ్చి, అక్కడ మధ్యాహ్నం అయ్యే వేళకు సిరిసిల్లకు వీడియో కాల్ చేశాడు. తనతో పాటు భివండీలో పనిచేసిన దోస్తు. నేను పక్క గదిలో ఉన్నా ప్రతి మాటా వినిపించింది, బాపు మామూలుగా మాట్లాడినా గది దాటుతుంది.

"సాంచె నడుస్తుండంగనే నాడె మారుతదిరా! అబద్ధమెందుకు చెప్త? నా కండ్లతోని జూసిన! కారా? కారు మంచిదే. సీటు బట్ట చూడాలె నువ్వు, రెండు పడుగుల నేత, యాభై ఏండ్లయితున్నది, ఒక్కచోటనే అరిగింది. ఆఁ? ఆగు." తలుపులోంచి తల పెట్టి నన్ను అడిగాడు. "లీటరుకు ఎంత ఇస్తదిరా?"

"అయిదు," అన్నాను.

బాపు ఫోన్ వైపు తిరిగాడు. "పదిహేను ఇస్తదట."