ఆవిరి పట్టిన అద్దం

సెలవు రోజు. బట్టలు మడతపెడదామని మంచం మీద కుప్పగా పోసి, ఒక్క నిమిషమే కదా అని ఫోన్ తెరిచాను. సాయంత్రమైనా కుప్ప అలాగే ఉంది.

చదివిందంతా జీఎస్-9209 అనే గెలాక్సీ గురించి. పేరు చూస్తే బండి నంబరులా ఉంది కానీ కథ మామూలుది కాదు. దాని కాంతి మన దాకా రావడానికి అంత కాలం పట్టింది కాబట్టి, మనకిప్పుడు కనిపిస్తున్నది విశ్వానికి 125 కోట్ల ఏళ్లప్పటి దాని రూపం. ఇప్పుడు విశ్వం వయసు 1,380 కోట్ల ఏళ్లు, కాబట్టి అది ఇంకా పసితనమే. అంతలోనే దాదాపు 4,000 కోట్ల సూర్యుళ్లంత బరువైన నక్షత్రాలను కనేసింది. అదీ ఓ 20 కోట్ల ఏళ్లలో, గబగబా. ఆ తర్వాత ఆపేసింది. మనం చూస్తున్న సమయానికే ఆపి 40 కోట్ల ఏళ్లు దాటింది.

ఆపేసిందని ఎలా తెలిసింది? జేమ్స్ వెబ్ టెలిస్కోప్ పట్టిన వర్ణపటాన్ని, అంటే ఆ గెలాక్సీ కాంతిని రంగులవారీగా విడదీసి గీసిన గీతను, పెద్దది చేసి చూశాను. సాఫీగా వస్తున్న గీత ఒకచోట నుంచి వరసగా గుంటల్లో పడుతూ లేస్తూ పోతుంది. హైడ్రోజన్ కాంతిని మింగేసిన చోట్లు అవి. బాగా బరువైన నీలి నక్షత్రాలు తొందరగా రాలిపోతాయి. కొత్తవి పుట్టకపోతే వాటికంటే కాస్త చిన్నవే మిగులుతాయి, అంత లోతు గుంటలు వాటి గుర్తు.

నక్షత్రాలు పుట్టడానికి కావలసిన గ్యాస్ అయిపోయి ఉంటుందిలే అనుకున్నాను. స్నానం చేసి వచ్చాక గానీ అసలు సంగతి బుర్రకెక్కలేదు. అద్దం నిండా నీటి బొట్లు, గదిలో మాత్రం ఆవిరి ఆవిరిగానే తేలుతోంది. నీరు అదే, చల్లగా ఉన్నచోటే బొట్టు కడుతోంది. గెలాక్సీలోనూ అంతే, గ్యాస్ బాగా చల్లబడితేనే తన బరువుకు తాను కుంగి నక్షత్రమవుతుంది. వేడిగా ఉంటే ఎంత ఉన్నా దండగే.

మరి చల్లబడనివ్వనిది ఎవరు? అనుమానమంతా బ్లాక్ హోల్ మీదే. జీఎస్-9209 మధ్యలో ఉన్నది దాదాపు 50 కోట్ల సూర్యుళ్లంత బరువైనది. ఆ సైజు గెలాక్సీకి అది చాలా ఎక్కువ. అది తిని పెరిగేటప్పుడు వెలువడే శక్తి చుట్టూ ఉన్న గ్యాస్‌ను కాచేస్తుంది, లేదా బయటికి ఊదేస్తుంది. ఊదేయడం ఊహేమీ కాదు. జీఎస్-10578 అనే మరో గెలాక్సీ నుంచి సెకనుకు సుమారు 1,000 కిలోమీటర్ల వేగంతో గ్యాస్ బయటికి పోతున్నట్టు 2024లో తేల్చారు. అదీ చల్లటి గ్యాసే, నక్షత్రాలకు కావలసిన ముడిసరుకు.

ఇలాంటివాటిని ‘చచ్చిన గెలాక్సీలు’ అంటుంటే మాత్రం నాకు చిరాకు. పుట్టుకలు ఆగాయంతే. వాటిలోని చిన్న ఎర్ర నక్షత్రాలకు ఇంకా బోలెడంత ఆయుష్షుంది.

పడుకునే ముందు ఇంకొకటి కంటపడింది. విశ్వానికి 70 కోట్ల ఏళ్లప్పుడే ఆగిపోయిన చిన్న గెలాక్సీ. అది తాత్కాలికంగానే ఆగి, తర్వాత మళ్లీ మొదలుపెట్టి ఉండొచ్చట. బట్టల కుప్పను కుర్చీలోకి మార్చి పడుకున్నాను.