నడిచే మిషన్‌ను బాగు చేయడం ఎందుకు

ఈసారి దసరాకు చిత్తూరు వచ్చినప్పుడు మా చిన్న మామ నన్ను ఒక మాట అన్నాడు. గ్రీమ్స్‌పేట వైపు ఆయనకు లేత్ అంగడి ఉంది. అందులో ఒక మూల పాత పిల్లర్ డ్రిల్లింగ్ మిషన్ (నిలువు స్తంభానికి బిగించి ఉండే, ఇనుముకు రంధ్రాలు వేసే మిషన్) ఉంది. దాని పేరు పలక ఎప్పుడో ఊడిపోయింది. మొదట ఏ రంగు వేశారో ఇప్పుడు చెప్పలేం. బెల్టు మీద కవరు లేదు. "మామా, దీన్ని ఒక వారం నాకొదిలిపెట్టు, పూర్తిగా విప్పి బాగు చేసి పెడతా" అన్నాను. ఆయన చేతిలో పని ఆపలేదు. "నడిచే మిషన్‌ని బాగు చేసేదేందిరా? నిలబడిపోయిన దాన్ని గదా బాగు చేసేది. నీకు పొద్దు పోకుంటే చెప్పు, గానుగల పని శానా ఉండాది" అన్నాడు.

అంగట్లో ఉన్నవాళ్లు నవ్వారు. నేను అప్పుడేమీ అనలేదు గానీ ఆ మాట నన్ను వదల్లేదు. మిషిగన్‌లో మా ఇంటి గ్యారేజీలో ఇలాంటి పాత మిషన్లు కొన్ని ఉన్నాయి. అన్నీ ఆగిపోయాకే నా చేతికొచ్చాయి. శని, ఆదివారాలు వాటితోనే గడుస్తాయి. అది పొద్దుపోక చేసే పని కాదని మామకు చెప్పాలి. చెబుతూ చెబుతూ నాకు నేను కూడా చెప్పుకోవాలి.

నేను డెట్రాయిట్ పక్కన కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ప్రాసెస్ ఇంజనీరును. ఆ ఫ్యాక్టరీలో నేను స్పానర్ పట్టుకోకూడదు. మిషన్‌కి ఒక బోల్టు వదులైందని కనిపిస్తే చీటీ రాసి, మెయింటెనెన్స్ వాళ్లు వచ్చేదాకా పక్కన నిలబడాలి. యూనియన్ ఒప్పందం అది. బోల్టు బిగించడం మిల్‌రైట్ (ఫ్యాక్టరీ మిషన్లు విప్పి, బిగించి, బాగు చేసే మెకానిక్) పని, వైరు ముట్టుకోవడం ఎలక్ట్రీషియన్ పని. ఇంజనీరు చేస్తే వాళ్ల పని లాక్కున్నట్టు లెక్క. అక్కడ యూనియన్లు ఊరికే పుట్టలేదు. యునైటెడ్ ఆటో వర్కర్స్ 1935లో డెట్రాయిట్‌లోనే మొదలైంది. 1936 డిసెంబరు చివర్లో ఫ్లింట్‌లో కార్మికులు ఫ్యాక్టరీ లోపలే కూర్చుని, 44 రోజులు కదలకుండా ఉండి, జనరల్ మోటార్స్‌ చేత యూనియన్‌ను గుర్తింపజేశారు. ఆ పట్టుదలతో సంపాదించుకున్న హక్కును నేను తప్పుపట్టను. కానీ నా సంగతి కూడా చూడండి. చిన్నప్పుడు మామ అంగట్లో చేయి పెట్టబోతే "చదువుకునే పిల్లోడివి, నీకెందుకురా మసి" అని అమ్మ ఇంటికి లాక్కొచ్చేది. ఇంజనీరింగ్ చదివి, సముద్రాలు దాటి, మిషన్ల మధ్యకే పోతే అక్కడ కూడా ముట్టుకోవద్దన్నారు. కారణాలు పూర్తిగా వేరు. చేతులు మాత్రం రెండు చోట్లా ఖాళీగానే ఉండిపోయాయి.

నా ఈ వెలితిని గమనించినవాడు ఒక మిల్‌రైటే. రిటైర్మెంటుకు దగ్గరపడిన తెల్లాయన. గేర్‌బాక్స్ విప్పుతున్నప్పుడల్లా నేను పక్కన నిలబడి చూస్తుంటే, ఒకరోజు తన తండ్రి ఇంటికి రమ్మన్నాడు. ఆయన తండ్రి చనిపోయి, ఇల్లు అమ్మకానికి పెట్టారు. బేస్‌మెంట్‌లో దుమ్ము కింద ఒక క్రాఫ్ట్స్‌మన్ డ్రిల్లింగ్ మిషన్ ఉంది. పాత ఇనుము వాళ్లకిస్తే పగలగొట్టి తూకానికి వేస్తారు, నువ్వైతే వాడతావు, తీసుకుపో అన్నాడు. డబ్బులిస్తానంటే ఒప్పుకోలేదు. తన ట్రక్కులో మా ఇంటిదాకా తెచ్చి, దించడానికి భుజం కూడా పట్టాడు. ఫ్యాక్టరీలో స్పానర్ ముట్టనివ్వని మనుషుల్లోంచి వచ్చిన ఆ మర్యాద నేను మరిచిపోను.

ఆ మిషన్‌తోనే ఈ లోకం నాకు తెలిసింది. క్రాఫ్ట్స్‌మన్ అనేది సియర్స్ అనే అమెరికా అంగళ్లవాళ్లు తాము అమ్మే పనిముట్లకు పెట్టుకున్న పేరు. సియర్స్ వాళ్లు స్వయంగా తయారు చేయలేదు. మోడల్ నంబరులో చుక్కకు ముందున్న అంకెలు చూస్తే చేసినవాళ్లెవరో తెలుస్తుంది. 103 అయితే మిషిగన్‌కే చెందిన కింగ్-సీలీ, 101 అయితే కలమజూలోని అట్లాస్. మిల్వాకీ డెల్టా, న్యూజెర్సీ వాకర్-టర్నర్ పేర్లు కూడా పాత మిషన్ల వాళ్లు గౌరవంగా పలుకుతారు. చనిపోయినవాళ్ల సామాన్ల అమ్మకాల్లో, వర్క్‌షాపు క్లాసులు ఎత్తేసిన బడుల వేలంపాటల్లో ఇవి దొరుకుతాయి. బడుల నుంచి వచ్చేవి చాలావరకు త్రీఫేజ్ మోటార్లవి కాబట్టి చవక. ఇళ్లలో సింగిల్ ఫేజే కదా, వీఎఫ్‌డీ (సింగిల్ ఫేజ్ కరెంటును త్రీఫేజ్‌గా మార్చే పెట్టె) పెట్టుకుంటే నడుస్తాయి. కొనేముందు రంగు, తుప్పు చూసి భయపడొద్దు. పోత ఇనుములో పగుళ్లున్నాయా చూడాలి. బిట్టును తిప్పే ఇరుసు స్పిండిల్. దాన్ని మోసుకుంటూ కిందికీ పైకీ జారే గొట్టాన్ని క్విల్ అంటారు. దాన్ని పూర్తిగా కిందికి దించి, చక్ (బిట్టును బిగించే భాగం) పట్టుకుని పక్కకు ఊపి చూడాలి. తుప్పు పోతుంది, బేరింగు మారుతుంది. కానీ క్విల్‌కు, దాని చుట్టూ ఉన్న పోత ఇనుముకు మధ్య అరిగిపోతే అది పెద్ద పని.

తుప్పు వదిలించడం నాకు ఇష్టమైన భాగం. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి, చాకలి సోడా కలిపి, తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ ఛార్జరు నెగటివ్‌కు, ఒక పనికిరాని ఇనుప ముక్కను పాజిటివ్‌కు తగిలిస్తే చాలు. రాత్రంతా సన్నగా బుడగలు వస్తాయి. ఆ బుడగల్లో హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి గాలి ఆడే చోటే చేయాలి. పాజిటివ్ వైపు స్టీలు గిన్నె ముక్క మాత్రం పెట్టకూడదు. దానిలోని క్రోమియం విషంగా మారి నీళ్లలో కలుస్తుంది. పొద్దున తీసి బ్రష్షుతో రుద్దితే నల్లటి పొర రాలిపోయి, కింద అసలు ఇనుము, దాని మీద చేసినవాళ్లు పోసిన అంకెలు కనిపిస్తాయి. క్విల్‌ను పైకి లాగే స్ప్రింగు ఒక డబ్బాలో చుట్టుకుని ఉంటుంది. దాన్ని పట్టు వదలకుండా మెల్లగా విప్పాలి, లేకపోతే వేళ్లు కోస్తుంది. ఎండి మైనంలా అయిన గ్రీజు కడిగి, కొత్త 6203 నంబరు బేరింగులు వేసి, చివరికి డయల్ గేజీ (ఎంత ఊగుతోందో ముల్లుతో చూపించే సాధనం) పెట్టి స్పిండిల్ తిప్పి చూస్తాను. ముల్లు రెండు, మూడు థౌలకు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) మించి కదలకపోతే ఆ రోజు అన్నం రుచిగా ఉంటుంది.

ఇప్పుడు మామ మాటకు వస్తాను. ఆయన అన్నదాంట్లో నిజం ఉందని నాకు తెలుసు. అమెరికాలో ఆ మిషన్లు మిగిలింది అవి పని చేయకుండా బేస్‌మెంట్లలో కూర్చున్నాయి కాబట్టి. చిత్తూరులో మిషన్‌కు కూర్చునే తీరిక లేదు. చెరకు ఆడించే కాలంలో బెల్లం గానుగలు, తోతాపురి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల షాఫ్టులు, ఏడాది పొడవునా బోరు మోటార్లు. అంగడి మూసే రోజు అమావాస్యే. అయినా ఆ మిషన్ ఇన్నేళ్లుగా నడుస్తోందంటే మామ దాన్ని రోజూ ఏదో ఒక విధంగా బాగు చేస్తున్నట్టే. దాన్ని ఆయన బాగు చేయడం అనడు, అంతే.

ఆయన పని చూడాలి మీరు. బిట్టును గ్రైండర్ మీద కంటి అంచనాతో సానబడతాడు. కోణం కొలిచే గేజీ లేదు. ఇనుములో దించితే రెండు పక్కల నుంచీ సమానంగా సుడి తిరిగిన తురుము వస్తుంది. నేను మిషిగన్‌లో అదే పనికి జిగ్ (బిట్టును సరైన కోణంలో పట్టి ఉంచే సాధనం) కొనుక్కున్నాను, ఇప్పటికీ అంత సమానంగా రాదు. ఆయన మిషన్ చక్‌లో నునుపైన కడ్డీ బిగించి నా డయల్ గేజీ పెట్టి చూశాను. ముల్లు 18 థౌలు ఊగింది, అంటే దాదాపు అర మిల్లీ. అలాంటి మిషన్ మీద ఆయన వేసిన రంధ్రాల్లో బోల్టులు చేత్తోనే దిగుతున్నాయి. బిట్టు ఏ వైపు జరుగుతుందో ఆయనకు తెలుసు. పలకను ఆ మేరకు ముందే తోస్తాడు. చప్పుడు విని బలం మారుస్తాడు.

నా వాదన మొదలయ్యేది ఇక్కడే. ఆ ఖచ్చితత్వం అంతా మామ చేతుల్లో ఉంది, మిషన్‌లో లేదు. అంగట్లో ఐటీఐ ఫిట్టర్ చదివి వచ్చిన కుర్రాడు ఒకడు పని నేర్చుకుంటున్నాడు. నేనున్నప్పుడే వాడు ఒక ఫ్లాంజికి రంధ్రం వేస్తుంటే బిట్టు పక్కకు జరిగి విరిగింది. మామ వాణ్ని గట్టిగా తిట్టాడు. వాడు తలొంచుకుని నిలబడ్డాడు. తప్పు వాడిది కాదు. అర మిల్లీ ఊగే మిషన్ మీద ఆ వయసులో మామ వేసినా అలాగే విరిగేది. అమెరికాలో నాలాంటి కొత్తవాడు కూడా సరైన రంధ్రం వేయగలుగుతున్నాడంటే, ఆ ఒడుపు మిషన్‌లోనే ఉంది, దానితో వచ్చిన కాగితాల్లో ఉంది. 1950లలో అచ్చేసిన పుస్తకంలో ప్రతి స్క్రూకూ నంబరు ఉంటుంది. చేసినవాడు పోయినా, కొన్నవాడు పోయినా, మూడోవాడు వచ్చి నిలబెట్టగలడు. మామ తర్వాత మామ మిషన్‌ను ఎవరు నడుపుతారు?

ఈ మాటే కొంచెం మెత్తగా ఆయనతో అన్నాను. ఆయన చాలాసేపు బదులివ్వలేదు. తర్వాత, "మంచి మిషన్ మింద నేర్చుకున్నోడికి చెడ్డ మిషన్ వస్తే చేతులెత్తేస్తాడు. మనూళ్లో అన్నీ చెడ్డ మిషన్లేరా" అన్నాడు. ఆ జవాబుకు నా దగ్గర ఇప్పటికీ సరైన సమాధానం లేదు. కానీ కుర్రాళ్లు తిట్లు తిని నేర్చుకోవాల్సిందే అనే పద్ధతిని నేను ఒప్పుకోను. అలా తిట్లు తిన్నవాళ్లలో చాలామంది చెన్నై దగ్గరి శ్రీపెరుంబుదూరు ఫ్యాక్టరీలకు పోయారు. అంగట్లో మిగిలింది మామే.

చివరికి ఆయనే దారి చూపించాడు. "ఆయుధ పూజకు ముందునాడు ఎట్లాగూ అన్నీ కడుగుతాం. ఆ పొద్దు విప్పుకో. సాయంకాలానికి బిగించకపోతే మాత్రం ఊరుకోను" అన్నాడు. ఆ ఒక్క పూటలో విప్పడం, కిరసనాయిలుతో కడగడం, బేరింగులు మార్చడం అన్నీ కుర్రాడి చేతనే చేయించాను. స్పిండిల్ బేరింగు 6205. నంబరు చెప్పీ చెప్పకముందే మామ "లోపల పాతిక మిల్లీ" అన్నాడు. చివరి రెండంకెలు 04 గానీ అంతకు మించి గానీ ఉంటే, వాటిని 5తో గుణిస్తే లోపలి రంధ్రం కొలత మిల్లీల్లో వస్తుందని ఆయనకు ఎవరూ పుస్తకంలో చూపించలేదు. మిషిగన్‌లోనైనా చిత్తూరులోనైనా ఆ నంబరు అదే, కొలత అదే. బేరింగుల అంగట్లో చీటీ ఇవ్వగానే తీసిచ్చారు. టేపర్ (స్పిండిల్ చివర చక్ కూర్చునే, లోపలికి సన్నబడే రంధ్రం) లోపల ఎన్నాళ్లదో మురికి, ఒక చిన్న గాటు ఉన్నాయి. నూనెరాయితో మెల్లగా తీసేశాం. బిగించాక ముల్లు 18 నుంచి 7కు వచ్చింది. క్విల్ అరుగుదల అలాగే ఉంది. దానికి గన్‌మెటల్ బుష్ (అరిగిన చోట తొడిగే కంచు గొట్టం) లేత్ మీద తానే చేస్తానన్నాడు మామ. మరుసటి రోజు పసుపు, కుంకుమ, అరటి పిలకలతో అన్ని మిషన్ల వరసలో అదీ నిలబడింది. నేను రంగు వేయలేదు. వేస్తానంటే మామ ఒప్పుకునేవాడూ కాదు.

అంత ఇష్టమైతే అక్కడి మిషనే ఒకటి మామకు పంపొచ్చు కదా అని ఇంట్లో అడిగారు. లెక్క కుదరదు. అక్కడి కరెంటు 60 హెర్ట్జ్, మోటారు నిమిషానికి 1725 చుట్లు. మనకు 50 హెర్ట్జ్, ఇక్కడి మోటారు వేస్తే 1440. వేగాలన్నీ ఆరో వంతు తగ్గిపోతాయి. పుల్లీల రంధ్రాలు అంగుళాల్లో ఉంటాయి, ఇక్కడి షాఫ్టులు మిల్లీల్లో. ఓడ ఖర్చు సరేసరి. అన్నిటికంటే ముఖ్యం, నా క్రాఫ్ట్స్‌మన్ చక్ అరంగుళం బిట్టుతో ఆగిపోతుంది. మామ మిషన్‌కు పాతిక మిల్లీ టేపర్ బిట్టు నేరుగా పడుతుంది. గానుగ పలకలకు అదే కావాలి. ఇంటి బేస్‌మెంట్ కోసం చేసింది అది, ఊరి కోసం చేసింది ఇది.

మిషిగన్‌లో నా మిషన్‌కు దాని పని దానికుంది. అక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో వెట్ గ్రైండర్లు పాడైతే చేసేవాళ్లు లేరు. స్పేర్ పార్టు కోయంబత్తూరు నుంచి రావాలంటే నెలలు. రాయి పట్టుకునే బ్రాకెట్ విరిగిందనో, పాత్ర లాక్ వదులైందనో నా దగ్గరికి తెస్తారు. స్టెయిన్‌లెస్ పట్టీ కోసి కొత్తది చేసిస్తాను. ఆ స్టీలుకు తొందర పనికిరాదు. ఎనిమిది మిల్లీ రంధ్రానికి నిమిషానికి 600 చుట్ల లోపే ఉంచి, బలంగా, ఆగకుండా దించాలి. ఊరికే రాపిడి చేస్తే అది ఇంకా గట్టిపడి బిట్టును తినేస్తుంది. వచ్చే శనివారం ఒక నెల్లూరాయన గ్రైండర్ తెస్తున్నాడు. రంధ్రం తానే వేస్తానని అడిగాడు. రమ్మన్నాను. చొక్కా చేతులు పైకి మడుచుకుని రమ్మనీ, చేతులకు గ్లౌజులు వేసుకోవద్దనీ, పట్టీని చేత్తో పట్టుకోకుండా వైస్‌లో బిగించాకే స్విచ్ వేయాలనీ ముందే చెప్పాను.