వర్చువల్ మెషీన్‌కి సొంత కెర్నల్: నా అనుభవం

కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కి మూలభాగం, దాని తరఫున హార్డ్‌వేర్‌ని నడిపేవి డ్రైవర్లు. అలాంటి డ్రైవర్ ఒకటి సొంతంగా రాయాలని చాలా రోజులుగా కోరిక. రోజూ పని చేసుకునే ల్యాప్‌టాప్‌లోనే ప్రయోగాలు చేస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు ఉన్న పని కూడా ఆగిపోతుంది. అందుకని క్యూఎమ్యూ అనే ఎమ్యులేటర్‌లో ఒక వర్చువల్ మెషీన్ (సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్) పెట్టి, దాన్ని నేను బిల్డ్ చేసిన లైనక్స్ కెర్నల్‌తో బూట్ చేద్దామనుకున్నాను. ఒక పూటలో అయిపోతుందనుకున్న పని మూడు రాత్రులు పట్టింది.

మొదటి అడ్డు హోస్ట్ వైపే, అంటే నా ల్యాప్‌టాప్ వైపే వచ్చింది. వర్చువల్ మెషీన్లను ప్రాసెసర్ సాయంతో వేగంగా నడిపే కెర్నల్ భాగం కేవీఎం. దాని డివైస్ ఫైల్ కనిపించడం లేదని క్యూఎమ్యూ ఆగిపోయింది. కేవీఎం 2007 ఫిబ్రవరిలో 2.6.20 వెర్షన్‌తో కెర్నల్‌లోకి వచ్చింది. అప్పటి నుంచీ ఇంటెల్, ఏఎండీ మెషీన్లలో దాని అమరిక ఒకటే: రెండింటికీ ఉమ్మడిగా ఒక మాడ్యూల్ (అవసరమైనప్పుడు కెర్నల్‌లోకి లోడ్ చేసుకునే ముక్క), దాని మీద ఇంటెల్‌కి ఒకటి, ఏఎండీకి ఒకటి. నా మెషీన్‌లో ఉమ్మడి మాడ్యూల్ లోడ్ అయింది కానీ ఇంటెల్‌ది అవలేదు. కెర్నల్ లాగ్ చూస్తే, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆపేసి ఉందని స్పష్టంగానే రాసి ఉంది. బయోస్‌లోకి వెళ్లి ఆన్ చేశాను, నా యూజర్‌ని కేవీఎం గ్రూపులో చేర్చాను. హోస్ట్ పని అంతటితో అయిపోయింది.

అసలు కష్టం గెస్ట్ (వర్చువల్ మెషీన్) కెర్నల్‌తో మొదలైంది. డిస్ట్రో (ఉబుంటు లాంటి లైనక్స్ కూర్పు) ఇచ్చే కాన్ఫిగ్‌తో, అంటే కెర్నల్‌లో ఏమేం ఉండాలో చెప్పే ఫైల్‌తో, బిల్డ్ చేస్తే వేల మాడ్యూళ్లు కంపైల్ అవుతాయి, గంటలు పడుతుంది. అందుకే కెర్నల్ సోర్స్‌తో వచ్చే లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ అనే సౌకర్యం వాడాను. ఆ క్షణంలో ఏ మాడ్యూళ్లు లోడ్ అయి ఉన్నాయో చూసి, మిగతా మాడ్యూళ్లన్నీ కాన్ఫిగ్‌లోంచి తీసేస్తుంది. బిల్డ్ చకచకా అయిపోయింది. బూట్ చేస్తే కెర్నల్ పానిక్, అంటే కెర్నల్ ఇక ముందుకు వెళ్లలేక పూర్తిగా ఆగిపోయింది.

కన్సోల్‌ని సీరియల్ పోర్టుకి మళ్లించి, లాగ్‌ని ఫైల్‌లో పట్టుకుని మెల్లగా చదివాను. రూట్ డివైస్ (సిస్టమ్ ఫైళ్లుండే డిస్క్ భాగం) తెరవలేకపోతున్నానని, పక్కన బ్రాకెట్లలో దాని డివైస్ నంబర్లుగా 0,0 అని ఉంది. ఆ కింద ‘అందుబాటులో ఉన్న పార్టిషన్లు ఇవి’ అనే అర్థం వచ్చే వాక్యం ఉంది, దాని కింద ఒక్క పార్టిషన్ పేరు కూడా లేదు. నాకు దారి చూపింది ఆ ఖాళీయే. డిస్క్ పేరు తప్పు ఇచ్చి ఉంటే, ఉన్న డిస్కులైనా అక్కడ కనిపించేవి. ఏమీ లేదంటే కెర్నల్‌కి అసలు డిస్కే కనపడలేదన్నమాట.

ఎందుకో అప్పుడు అర్థమైంది. లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ చూసింది నా ల్యాప్‌టాప్‌ని. ల్యాప్‌టాప్‌లో ఉన్నది మామూలు ఎన్‌వీఎంఈ డిస్క్. గెస్ట్‌కి క్యూఎమ్యూ ఇస్తున్నది వర్ట్‌ఐఓ డిస్క్, అంటే వర్చువల్ మెషీన్ల కోసమే చేసిన డిస్క్ రకం, దాని పేరు వీడీఏ. హోస్ట్‌కి ఆ డ్రైవర్‌తో పనే లేదు కాబట్టి అది లోడ్ కాలేదు, లోడ్ కాలేదు కాబట్టి కాన్ఫిగ్‌లోంచి ఎగిరిపోయింది. హోస్ట్‌కి కావలసిన డ్రైవర్ల జాబితా వేరు, గెస్ట్‌ది వేరు. రెండింటినీ కలిపి ఆలోచించడమే నేను చేసిన పొరపాటు.

సరే, కాన్ఫిగ్ మార్చుకునే మెనూకాన్ఫిగ్ తెరిచి వర్ట్‌ఐఓ బ్లాక్ (డిస్క్) డ్రైవర్ పెడదామంటే ఉండాల్సిన చోట అది కనిపించలేదు. స్లాష్ నొక్కి వెతికితే, ‘వర్ట్‌ఐఓ ఉంటేనే’ అన్న షరతు, ఆ వర్ట్‌ఐఓ ‘ఎన్’ అని ఉండటం కనిపించాయి. ఈ మెనూలో వై అంటే కెర్నల్‌లోనే కలిసిపోయే బిల్ట్-ఇన్, ఎమ్ అంటే మాడ్యూల్, ఎన్ అంటే అసలు లేదు. వర్ట్‌ఐఓని మనం నేరుగా ఆన్ చేయలేం. వర్ట్‌ఐఓ పీసీఐ లాంటి రవాణా డ్రైవర్‌ని (గెస్ట్‌కీ వర్ట్‌ఐఓ డివైస్‌కీ మధ్య దారి) ఎంచుకుంటే అదే దాన్ని వెంటబెట్టుకొస్తుంది. ఆ వర్ట్‌ఐఓ పీసీఐని మాడ్యూల్‌గా పెట్టాను, బ్లాక్ డ్రైవర్ మెనూలోకి వచ్చింది. కానీ ఎన్నిసార్లు వై నొక్కినా అది ఎమ్ దగ్గరే ఆగిపోయింది! కింద ఆధారమే మాడ్యూల్ అయినప్పుడు దాని మీద నిలబడేది బిల్ట్-ఇన్ ఎలా అవుతుంది? నేను ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్ సిస్టమ్) వాడటం లేదు. డిస్క్ డ్రైవర్ మాడ్యూల్‌గా ఉంటే, ఆ మాడ్యూల్ ఫైల్ ఉండేది అదే డిస్క్‌లో. పెట్టె తాళంచెవిని పెట్టెలోనే ఉంచి తాళం వేసినట్టు. పీసీఐని వై చేశాక బ్లాక్ డ్రైవర్ కూడా వైకి మారింది. నెట్‌వర్క్ డ్రైవర్‌ని కూడా అలాగే పెట్టేశాను.

మళ్లీ బూట్, మళ్లీ పానిక్. కానీ ఈసారి బ్రాకెట్లలో 254,1 ఉంది, జాబితాలో వీడీఏ1 కూడా ఉంది. డిస్క్ దొరికింది! దాన్ని ఏ ఫైల్ సిస్టమ్‌తో మౌంట్ చేయాలో తెలియక ఆగింది. ప్రయత్నించిన ఫైల్ సిస్టమ్‌ల పేర్లు లాగ్‌లో ఉన్నాయి, వాటిలో నా డిస్క్‌లో ఉన్న ఈఎక్స్‌టీ4 లేదు. అది కూడా మాడ్యూల్‌గా ఉండిపోయింది. పానిక్‌ని చూసి అంత సంతోషం ఎప్పుడూ కలగలేదు, ఎందుకంటే ఒక మెట్టు పైకి ఎక్కానని ఆ రెండు అంకెలే చెప్పాయి. పానిక్ వస్తే కంగారుపడి విండో మూసేయకండి, ఆ అంకెలు చదవండి.

కెర్నల్ సోర్స్‌లోనే కేవీఎం గెస్ట్ కాన్ఫిగ్ అని ఒక చిన్న ఫైల్ ఉందని తర్వాత తెలిసింది. దాన్ని మేక్ కమాండ్‌కి ఇస్తే వర్ట్‌ఐఓ పీసీఐ, బ్లాక్, నెట్, సీరియల్ కన్సోల్ అన్నీ బిల్ట్-ఇన్‌గా కలిపేస్తుంది. ఇప్పుడు లోకల్‌మాడ్‌కాన్ఫిగ్ తర్వాత వెంటనే దాన్నే వాడుతున్నాను, ఈఎక్స్‌టీ4ని మాత్రం నేనే విడిగా చూసుకుంటాను.

మూడో రాత్రి ఈఎక్స్‌టీ4ని వై చేసి బూట్ చేస్తే లాగిన్ ప్రాంప్ట్ వచ్చింది. లోపలికి వెళ్లి గెస్ట్ ఏ క్లాక్ వాడుతోందో చూశాను. కేవీఎం తన గెస్ట్‌లకి ఇచ్చే కేవీఎం-క్లాక్ అని ఉంది. దాన్ని తెచ్చే కేవీఎం గెస్ట్ సపోర్ట్ మాడ్యూల్ కాదు, వై లేదా ఎన్ మాత్రమే ఉండే ఎంపిక, అందుకే లోకల్‌మాడ్‌కాన్ఫిగ్‌తో నేను చేసిన కోత దానికి తగల్లేదు. ఆ డిస్క్ ఇమేజ్‌ని కాపీ తీసి పెట్టుకుని, నా డ్రైవర్ మొదటి ఫైల్ తెరిచాను.