రిప్లీ: నదికి ఈ గట్టున

అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, సిన్సినాటిలో బానిసత్వపు చరిత్ర చెప్పే మ్యూజియం ఫ్రీడమ్ సెంటర్‌లో దుంగలతో కట్టిన రెండంతస్తుల కొట్టం ఒకటి ఉంది. ఒహాయో నదికి అవతల, అప్పట్లో బానిసత్వం ఉన్న కెంటకీ రాష్ట్రంలోని మేసన్ కౌంటీ నుంచి విప్పి తెచ్చి ఇక్కడ మళ్లీ నిలబెట్టారు. బానిసల వ్యాపారి ఒకడు కొన్న మనుషుల్ని అందులో కట్టేసి ఉంచి, దక్షిణాదికి నడిపించుకుపోయి అమ్మేవాడు. పై దూలానికి ఇనప రింగులు ఇంకా ఉన్నాయి. అది చూశాక రిప్లీ వెళ్లకుండా ఉండబుద్ధి కాలేదు. ఆ కొట్టం మొదట ఉన్న ప్రాంతానికి దాదాపు ఎదురుగట్టునే ఉంటుంది ఆ ఊరు. కెంటకీ నుంచి పారిపోయిన బానిసలు ఎందరో నది దాటి చేరింది అక్కడికే.

మర్నాడు నేనూ మా ఆవిడా కారులో బయల్దేరాం. సుమారు యాభై మైళ్లు. 52వ నంబరు రోడ్డు చాలా దూరం ఒహాయో నది వెంబడే పోతుంది. కుడివైపు నీళ్లు, అవతల కెంటకీ కొండలు. 1865 చివరిదాకా ఆ గట్టున మనిషిని కొనుక్కోవచ్చు, ఈ గట్టున కుదరదు. ఇప్పుడు ఆనకట్టల వల్ల నది వెడల్పయింది గానీ అప్పట్లో ఇంత ఉండేది కాదు. చలికాలంలో గడ్డకట్టేది కూడా. 1838లో ఒకామె పసిబిడ్డను ఎత్తుకుని, విరిగిపోతున్న మంచు మీదుగానే దాటి ఈ ఊరు చేరింది.

ఆమెకు చోటిచ్చిన జాన్ రాంకిన్ ఇల్లు కొండ మీద ఉంది. అలిపిరి మెట్లెక్కిన మా ఆవిడకి ఈ మెట్లు లెక్కలోకి రాలేదు గానీ, నాకు మాత్రం సగంలోనే ఆయాసం వచ్చింది. పైన చిన్న ఇటుకల ఇల్లు. పదమూడు మంది పిల్లలతో అందులో ఎలా సర్దుకున్నారో! రాంకిన్ ప్రెస్బిటేరియన్ పాస్టర్. తోడబుట్టినవాడు వర్జీనియాలో బానిసల్ని కొన్నాడని తెలిసి, అది పాపమని వరసగా ఉత్తరాలు రాశాడు. 1826లో అవి పుస్తకంగా వచ్చాయి. రాత్రిపూట ఈ ఇంట్లో వెలిగే దీపం అవతలి గట్టుకు కనిపించేది. వచ్చినవాళ్లను ఆయన కొడుకులు చీకట్లోనే తర్వాతి మజిలీకి చేర్చేవారు.

అందరూ ఆ కొండ ఫొటోలే తీసుకుంటారు. నాకు మాత్రం కింద, నది ఒడ్డునున్న జాన్ పార్కర్ ఇల్లే ఎక్కువ పట్టుకుంది. రాంకిన్ తన దగ్గరికి వచ్చినవాళ్లను దాచాడు. పార్కర్ తానే పడవేసుకుని అవతలికెళ్లి తీసుకొచ్చేవాడు, అదీ నల్లజాతివాడై ఉండి. ఎనిమిదేళ్లప్పుడు తల్లి నుంచి విడదీసి అమ్మేశారు, గొలుసులతో నడిపించారు. అలబామాలో ఇనప ఫౌండ్రీ పని నేర్చుకుని, 1845లో 1,800 డాలర్లు కట్టి తనను తాను కొనుక్కున్నాడు. ఇక హాయిగా ఉండొచ్చు. ఉండలేదు.

ఆయన చెప్పిన ఒక సంగతి. కెంటకీలో ఒక యజమానికి తన దగ్గరున్న భార్యాభర్తలు పారిపోతారని అనుమానం. అందుకని వాళ్ల పసిబిడ్డను రోజూ రాత్రి తన మంచం కాళ్లదగ్గరే పడుకోబెట్టుకునేవాడు. పక్కన కుర్చీ మీద కొవ్వొత్తి, పిస్తోళ్లు. తండ్రికి లోపలికెళ్లే ధైర్యం చాల్లేదు. పార్కరే ఆ గదిలోకి పాక్కుంటూ వెళ్లి, బిడ్డను లాక్కుని, పరుగో పరుగు. తల్లిదండ్రులతో సహా పడవలో ఈ గట్టుకు చేర్చాడు. ఆ తండ్రిని పిరికివాడని నేను అనను, దొరికితే ఏమవుతుందో అతనికి బాగా తెలుసు.

ఆ ఇంట్లో పార్కర్ పేటెంట్ల కథ కూడా చెప్పారు. 1884లో పొగాకును నొక్కే యంత్రం మీద ఒకటి తీసుకున్నాడట. గుంటూరు వాణ్ణి, పొగాకు అనగానే చెవులు రిక్కించాను.

మా ఆవిడ మాత్రం, "ఆయన దాటించినవాళ్ల పేర్లు ఎక్కడైనా రాసి ఉన్నాయా?" అని అడిగింది. రాసుకున్నాడు. కానీ 1850లో కొత్త చట్టం వచ్చింది. పారిపోయినవాళ్లకు సాయం చేస్తే వెయ్యి డాలర్ల జరిమానా, ఆర్నెల్ల జైలు. విచారించే కమిషనర్‌కు మనిషిని వెనక్కి పంపితే పది డాలర్లు, వదిలేస్తే ఐదే. ఈ గట్టుకు చేరినా ఇక నమ్మకం లేదు, కెనడా దాకా పోవాల్సిందే. ఇల్లు సోదా చేస్తే డైరీ దొరుకుతుందని, అప్పటిదాకా సాయం చేసిన 315 మంది పేర్లూ వివరాలూ ఉన్న ఆ పుస్తకాన్ని పార్కర్ ఫౌండ్రీ కొలిమిలో పడేశాడు. పడవ మాత్రం మానలేదు.