హనుమకొండలో కొన్న 4 టీబీ హార్డ్ డిస్క్

హనుమకొండ చౌరస్తాలో గత వారం కొన్న 4 టీబీ హార్డ్ డిస్క్‌ను కంప్యూటర్‌కు బిగించగా, విండోస్‌లో 2048 జీబీ మాత్రమే వాడకానికి వచ్చి, మిగిలిన 1677 జీబీ ఎందుకూ కొరగాకుండా ఉండిపోయింది. దుకాణదారును అనుమానించాను గానీ తప్పు నాదే. డిస్క్‌ను మొదటిసారి సిద్ధం చేసేటప్పుడు నేను డిస్క్ భాగాల పట్టికను రాసుకునే పాత ఎంబీఆర్ పద్ధతిని ఎంచుకున్నాను. అది సెక్టార్ల (డిస్క్‌ను విభజించే చిన్న గడుల) సంఖ్యను 32 బిట్లలోనే రాసుకుంటుంది కనుక, ఒక్కో సెక్టారు 512 బైట్లయినప్పుడు 2048 జీబీకి మించి లెక్కించలేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఆ పార్టిషన్‌ను (డిస్క్‌లో వాడకానికి కేటాయించిన భాగాన్ని) తొలగించి (అలా చేస్తే అందులోని ఫైళ్లన్నీ పోతాయి, నాది ఖాళీ డిస్క్ కనుక బతికిపోయాను), ఈ పరిమితి లేని కొత్త పద్ధతి జీపీటీకి మార్చి, కొత్త వాల్యూమ్‌ను సృష్టించాను. ఇప్పుడు 3725 జీబీ కనిపిస్తోంది. 4 టీబీ అంటే 4000 జీబీ ఉండాలి కదా అనిపించినా, ఈ తేడా లోపం కాదు: జీబీకి తయారీదారులు 100 కోట్ల బైట్లు లెక్కిస్తే, విండోస్ 1024ల లెక్కన 107 కోట్లకు పైగా లెక్కిస్తుంది.