మాస్టారి నొప్పి మాత్ర

మా మందుల దుకాణానికి వచ్చే పెద్దవాళ్లు చాలామంది చేతిలో కత్తిరించిన స్ట్రిప్పు ముక్క పట్టుకొస్తారు. మందు పేరున్న అంచు ఎప్పుడో పోయి ఉంటుంది. "ఇవే నాలుగు ఇవ్వమ్మా, మోకాళ్లు లాగేస్తున్నాయి" అంటారు.

ఈమధ్య ఒక మాస్టారు అలాగే వచ్చారు. ఎప్పటిదో డైక్లోఫెనాక్ అనే నొప్పి మాత్రల చీటీ. ఆయన పాదాలు చూశాను. చెప్పు పట్టీ అచ్చు చర్మంలోకి లోతుగా దిగి ఉంది.

"కాళ్లు ఎప్పటినుంచి వాచాయి మాస్టారూ?"

"వయసు కదమ్మా!"

కాదు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆయన రోజూ పొద్దున బీపీకి టెల్మిసార్టాన్, దానితోపాటు నీటి మాత్ర వేసుకుంటారు. డైక్లోఫెనాక్ మూత్రపిండాలకు రక్తం తీసుకెళ్లే నాళాలను బిగిస్తుంది, టెల్మిసార్టాన్ అవతలివైపు నాళాలను వదులు చేస్తుంది, నీటి మాత్ర ఒంట్లో నీటిని తగ్గిస్తుంది. మూడూ కలిస్తే మూత్రపిండాల్లో రక్తం వడపోతకు కావలసిన ఒత్తిడే పడిపోవచ్చు. పైగా నొప్పి మాత్ర ఉప్పునూ నీటినీ ఒంట్లో నిలబెట్టి బీపీ పెంచుతుంది. ముప్పై ఏళ్లవాడు తట్టుకునే మోతాదును డెబ్బై ఏళ్ల మూత్రపిండాలు తట్టుకోలేకపోవచ్చు. కడుపులో పుండు పడినా పెద్దవాళ్లకు ఒక్కోసారి నొప్పే తెలియదు, నల్లటి విరేచనమే మొదటి గుర్తు.

వయసు పెరిగితే నొప్పి తెలియదనడం సగమే నిజం. చురుక్కుమనే చిన్న వేడి కాస్త ఆలస్యంగా తెలుస్తుంది, అంతే. నొప్పిని అణచడానికి మెదడు స్వయంగా వేసే బ్రేకు మాత్రం సడలుతుంది, అందుకే పట్టుకున్న నొప్పి ఓ పట్టాన వదలదు. ఇంకోవైపు గుండెపోటు ఛాతీ నొప్పి లేకుండా ఆయాసంగా, చెమటగా, నీరసంగా రావచ్చు. "నొప్పి లేదుగా" అని ఇంట్లోవాళ్లు ధైర్యం చెబుతుంటే నాకు భయం వేస్తుంది.

మోకాళ్లకైతే పైపూత జెల్ మేలు, రక్తంలోకి చేరేది కొద్దిగానే. మాత్ర కావాలంటే ముందు పారాసెటమాల్. పెద్దలకు రోజుకు నాలుగు గ్రాములు గరిష్ఠ పరిమితి, బక్కపలచని వృద్ధులకు అంతకన్నా తక్కువే ఇవ్వాలి. చాలా జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుందని మరవకండి. ట్రమడాల్ అనే గట్టి నొప్పి మాత్రతో ఇంకా జాగ్రత్త. తల తిరుగుతుంది, మలబద్ధకం పట్టుకుంటుంది, రాత్రి బాత్‌రూమ్‌కు లేచి పడిపోయే ప్రమాదం ఉంది.

మాస్టారిని మాత్రలు ఇవ్వకుండానే డాక్టరు దగ్గరికి పంపాను. మూత్రపిండాల పనితీరు చూసే క్రియాటినిన్ పరీక్ష రాశారు, నొప్పి మాత్ర ఆపించారు. ఇప్పుడు ఆయన మందులన్నీ సంచిలో వేసుకుని వస్తారు. కౌంటరు మీద బోర్లించి ఒక్కో స్ట్రిప్పు చూడటానికి చాలాసేపు పడుతుంది. వెనక నిలబడినవాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.